ఏడు దగ్గర నిలబడిన సంఖ్య

కదలకూడదు, అంది స్కానింగ్ గదిలోని టెక్నీషియన్. తల అసలే కదలకూడదు, దగ్గు వస్తే మోత ఆగిన సందులో దగ్గాలి, గుటక కూడా చూసుకుని మింగాలి. ఆ నడివయసు మనిషి ఇదంతా రోజూ అప్పజెప్పే పాఠంలా చెప్పుకుంటూ పోయి, బల్ల మీద పడుకున్న ఆమె చెవుల్లో మెత్తటి బిరడాలు దూర్చి, వాటి మీద హెడ్‌ఫోన్లు తొడిగి, ముఖం మీదికి తెల్లటి ప్లాస్టిక్ పంజరాన్ని దించి టక్కున బిగించింది. రబ్బరు బుడగ ఒకటి కుడిచేతిలో పెట్టబోయి, కాగితం మీద డాక్టరు రాసింది గుర్తొచ్చినట్టుంది, ఎడమచేతిలోకి మార్చింది. "మరీ తట్టుకోలేకపోతే దీన్ని నొక్కండి, వెంటనే బయటికి లాగేస్తాను. నొక్కారంటే మాత్రం మళ్ళీ మొదట్నుంచీ తీయాల్సొస్తుంది." బల్ల కదిలింది. గొట్టం నోరు ఆమె నుదుటి మీదుగా, కళ్ళ మీదుగా, గడ్డం మీదుగా పాకి నడుము దాకా మింగేసింది. ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే ముక్కుకి జానెడు దూరంలో కప్పు ఉంది. వెంటనే మూసుకుంది. లిఫ్టు ఎక్కడం ఇష్టంలేక గుడ్డ తానులు భుజాన వేసుకుని పై అంతస్తు దాకా మెట్లెక్కే మనిషిని పట్టుకొచ్చి ఇందులో పెట్టారు, ఇంతకన్నా ఇరుకైన చోటు ఈ ఊళ్ళో ఇంకోటి దొరకనట్టు. గుండె చెవుల్లోనే కొట్టుకుంటోంది. లెక్క ఉంది కదా, లెక్క పట్టుకో, అనుకుంది.

లెక్క ఇచ్చింది అత్తగారు. ఇందాక, బయట, చెవిపోగులూ ఉంగరమూ జడపిన్నులూ ఒక్కొక్కటే తీసి ఆవిడ చేతిలో పెడుతుంటే, అవన్నీ రుమాల్లో మూటకట్టి హ్యాండుబ్యాగులో వేసుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "అమ్మాయ్, లోపల ఊరికే పడుకుంటే బుర్ర పాడు ఆలోచనలు చేస్తుంది. ఒక లెక్క ఇస్తాను, చేసుకో." ఇప్పుడు లెక్కేంటి అత్తయ్యా, అంటే, ఆవిడ వినిపించుకోలేదు. "ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ మిగిలిపోకూడదు. అన్నిటినీ పేర్చి ఒక పెద్ద సంఖ్య చెయ్యాలి. అందులో మొదటి రెండంకెలు విడిగా చూస్తే రెండుతో పోవాలి. మొదటి మూడూ మూడుతో పోవాలి. మొదటి నాలుగూ నాలుగుతో. అలా తొమ్మిది దాకా. ఎక్కడా శేషం రాకూడదు." అలాంటిది ఉందా అని ఆమె అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే టెక్నీషియన్ తలుపు తీసి పిలిచింది.

మోత మొదలైంది. ముందు గోడ అవతల ఎవరో మేకు కొడుతున్నట్టు, తర్వాత కుట్టుపని హాల్లో మిషన్లన్నీ ఒక్క తొక్కున కదిలినట్టు. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ హాల్లో కటింగ్ బల్ల ఆమెది. ముప్పై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, అట్ట నమూనాలు పెట్టి, సుద్దముక్కతో గీత గీసి, కత్తి నడిపిస్తుంది. గీత ఒక్కచోట తప్పితే ముప్పై చొక్కాలకూ భుజం తప్పుతుంది. ఒక తానులో ఎన్ని చేతులు, ఎన్ని కాలర్లు, చివర ఎంత పేలిక మిగులుతుంది అన్నది కాగితం మీద వేసుకోకుండానే ఆమె కంటికి ఆనుతుంది. ఆనేది. ఒకరోజు మెడలోంచి కొలత టేపు తీసి గుడ్డ మీద పరిచి చూస్తే దాని మీద అంకెలు లేవు. అంటే ఉన్నాయి, నల్లటి గీతలూ వంకీలూ చిన్న చిన్న కొక్కేలూ ఉన్నాయి, కానీ అవి ఏమీ చెప్పడం లేదు. ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషి, ఏంటక్కా అలా చూస్తున్నావ్, అంటే, ఇదెంత, అని టేపు చూపించింది. "నలభై రెండు" అన్నాడు. ఆ మాట చెవిన పడింది, లోపల ఎక్కడా ఆనలేదు. కాసేపటికి అంకెలు తిరిగొచ్చాయి, వీధిలోకెళ్ళి వచ్చిన పిల్లల్లా ఏమీ ఎరగనట్టు వేటి చోట అవి కూర్చున్నాయి. కత్తెర మాత్రం అప్పట్నుంచీ కుడిచేతిలోంచి జారుతూనే ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆమెకు అంకెలు పోవడం కంటే ఎక్కువ భయమేసింది. చెప్పాక, బస్సు నడిపే మొగుడు సెలవు దొరక్క స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చాడట, కండక్టరు చెప్పాడు.

అయితే ఇప్పుడు ఉన్నాయా అంకెలు. ఉన్నాయి. మూసిన కళ్ళ వెనక తొమ్మిది ఖాళీ కుర్చీలు వేసుకుంది, ఒక పొడుగాటి బల్ల వెంట. ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు, వచ్చినవాళ్ళు ఎంతమందైతే అంతమందికీ అప్పటిదాకా పోగైనదంతా సమానంగా పంచాలి, చిన్న పిసరు కూడా మిగలకూడదు. రెండోవాడొస్తే ఇద్దరికీ, మూడోవాడొస్తే ముగ్గురికీ. వచ్చిన ప్రతివాడూ పాత పంపకాన్ని చెడగొట్టి కొత్త పంపకం అడుగుతాడు. అయిదోవాడితో మొదలుపెట్టింది, వాడే అందరికన్నా తేలిక. అయిదుతో పోవాలంటే చివర అయిదో సున్నానో ఉండాలి, సున్నా ఆటలో లేదు, కాబట్టి అయిదో కుర్చీ అయిదుది. నట్టనడుమ. ఒక్కటి కూర్చుంది. మోత ఆగింది. గుటక మింగింది.

హెడ్‌ఫోన్లలో ఆ నడివయసు గొంతు, బాగుంది, ఇలాగే ఉండండి, ఇంకోటి మొదలవుతుంది, అంది. గొంతు మాత్రమే. ముఖం గుర్తు చేసుకుందామంటే రాలేదు. అత్తగారు కూడా ఒకప్పుడు ఇలాగే, గొంతు మాత్రమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, తీగలు పీకి తీగలు గుచ్చి ఎవరెవరినో ఎవరెవరితోనో కలిపే ఉద్యోగం. ఈనాటికీ పాతవాళ్ళను పేర్లతో కాదు నంబర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. నాలుగు ఏడు రెండు వాళ్ళ పెద్దాయన పోయాడట, అంటుంది కాఫీ కప్పు కడుగుతూ. తొమ్మిది ఒకటి ఆరు వాళ్ళ అమ్మాయి మళ్ళీ పుట్టింట్లోనే ఉందట. తను ఆవిడ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఇద్దరి మధ్యా గొడవంటూ లేదు, కబుర్లంటూ కూడా లేవు. ఉప్పు సరిపోయిందా అత్తయ్యా, సరిపోయిందమ్మా. గొళ్ళెం పెట్టావా, పెట్టాను. ఆవిడ ఏనాడూ ఎవరినీ వేచి ఉండనివ్వని మనిషి, తలుపు తడితే రెండో చప్పుడుకి తెరుస్తుంది, ఫోను మోగితే చెయ్యి తుడుచుకోకుండానే ఎత్తుతుంది. అలాంటి మనిషి దగ్గర ఇలాంటి లెక్క ఉందని, దాన్ని ఇన్నాళ్ళూ ఎక్కడో మడిచి పెట్టుకుందని ఎవరనుకుంటారు.

రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఆ కుర్చీల్లో సరిసంఖ్యలే కూర్చోవాలి, లేకపోతే పంపకం కుదరదు. సరి అంకెలు సరిగ్గా నాలుగే ఉన్నాయి. అయితే బేసివాళ్ళంతా బేసి కుర్చీల్లో. ఒకటీ మూడూ ఏడూ తొమ్మిదీ, అయిదు ఎలాగూ కూర్చునే ఉంది. అప్పుడే ఆమెకు ఒళ్ళు చిన్నగా జలదరించింది, ఎందుకంటే ఆమె ఇంకా ఏమీ చేయలేదు, గుడ్డ తనంతట తను మడత పడుతోంది. నాలుగో కుర్చీ చూసింది. నాలుగుతో పోతుందో లేదో తెలియాలంటే చివరి రెండంకెలు చాలు. మూడో కుర్చీలో బేసివాడు. బేసి పక్కన నాలుగు పెడితే పద్నాలుగు, ముప్పై నాలుగు, డెబ్బై నాలుగు, ఒక్కటీ పోదు. ఎనిమిది పెడితే పద్ధెనిమిది, ముప్పై ఎనిమిది, అదీ పోదు. రెండు పెడితే పన్నెండు, ముప్పై రెండు, హాయిగా పోతాయి. ఆరు పెట్టినా పదహారు, ముప్పై ఆరు, పోతాయి. కాబట్టి నాలుగోవాడు రెండైనా కావాలి, ఆరైనా కావాలి. ఎనిమిదో కుర్చీకీ అలాగే తేలింది. ఆరోవాడు సరి కాబట్టి ఏడోదీ ఎనిమిదోదీ కలిపి చూస్తే చాలు, పదహారో ముప్పై రెండో డెబ్బై రెండో తొంభై ఆరో కావాలి, అంటే అక్కడా రెండో ఆరో. ఆ ఇద్దరూ ఆ రెండు కుర్చీలూ పంచుకున్నాక నాలుగుకీ ఎనిమిదికీ మిగిలినవి రెండో కుర్చీ, ఆరో కుర్చీ.

కూతురైతే ఇక్కడ, అమ్మా చాలు, నాకు నిద్రొస్తోంది, అని ఉండేది. దానికి ఏడో ఎక్కం గొంతులో అడ్డం పడుతుంది, ఏడారులు దగ్గర ఆగి పైకప్పు చూస్తుంది. ఏడంటే ఎందుకే అంత భయం అంటే, అది దేనితోనూ కలవదమ్మా, అంది ఒకసారి, తరగతిలో ఎవరితోనూ మాట్లాడని పిల్ల గురించి చెప్పినట్టు. నిజమే. చిన్నప్పుడు లెక్కల మాస్టారు కూడా అదే అన్నారు. మూడుకి గుర్తుంది, అంకెలన్నీ కూడితే మూడుతో పోతే చాలు. నాలుగుకి, ఎనిమిదికి, తొమ్మిదికి గుర్తులున్నాయి. వీటన్నిటికీ సందులూ దొడ్డిదారులూ ఉన్నాయర్రా, ఏడు ఇంటికి మాత్రం ముందు గుమ్మమే, భాగించి చూడాల్సిందే, అన్నారు. అంటే ఈ బల్ల దగ్గర అందరూ సర్దుకుని కూర్చున్నాక, ఆఖర్న ఏడోవాడు ఒప్పుకోవాలి. వాడు ఒప్పుకోకపోతే అందరూ లేవాల్సిందే.

మోత మారింది. ఇది బొంగురు మోత, పొట్టలో తెలుస్తోంది. మొదటి మూడూ కూడితే మూడుతో పోవాలి, మొదటి ఆరూ పోవాలి, కాబట్టి నడిమి ముగ్గురూ కూడా విడిగా పోవాలి. నడుమన అయిదు. రెండూ అయిదూ ఎనిమిదీ పదిహేను, పోతుంది. ఆరూ అయిదూ నాలుగూ పదిహేను, పోతుంది. వేరే దారి లేదు. అంటే రెండే ఇళ్ళు, నడుమ రెండు వందల యాభై ఎనిమిది ఉన్న ఇల్లొకటి, ఆరు వందల యాభై నాలుగు ఉన్న ఇల్లొకటి. మొదటి ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ రెండో కుర్చీలో నాలుగు, దానికి అటూ ఇటూ ఒకటీ ఏడూ తప్ప ఎవరూ ఇమడరు, ఎనిమిదో కుర్చీలో ఆరు, దాని ముందు తొమ్మిది, చివర మూడు. వరసగా చదువుకుంది. 147258963. ఎక్కడో చూసింది దీన్ని. రోజూ చూస్తుంది. ఫోను మీద అంకెలు, ఎడమవైపు నిలువు గీత ఒకటి నాలుగు ఏడు, నడిమి గీత రెండు అయిదు ఎనిమిది, కుడి గీత కింది నుంచి పైకి తొమ్మిది ఆరు మూడు. వేలు పెట్టి దువ్వినట్టు వస్తుంది. ఇదే, ఇంత అందంగా ఉన్నది ఇది కాక ఏమవుతుంది, ఫోన్ల దగ్గర బతికిన అత్తగారి లెక్కకు జవాబు ఇదే అయ్యుండాలి. ఏడు గుమ్మం ముందు నిలబడింది. పద్నాలుగు పోయింది. ఏడు పోయింది. రెండు మిగిలింది, ఇరవై అయిదులో నాలుగు మిగిలింది, నలభై ఎనిమిదిలో ఆరు మిగిలింది, అరవై తొమ్మిదిలో ఆరు మిగిలింది. పోలేదు. ఒకటినీ ఏడునీ తారుమారు చేసి చూసింది, ఈసారి రెండు మిగిలింది. ఆ ఇల్లు ఖాళీ.

అప్పుడు మోత ఆగింది, బల్ల కొంచెం బయటికి జరిగింది, మోచేతి దగ్గర చల్లగా తడి తగిలింది. "తల కదపకండి. చిన్న సూది. రంగు మందు ఎక్కించి ఇంకొన్ని తీయమన్నారు డాక్టరుగారు." ఎందుకు, అని ఆమె పంజరంలోంచి అడిగింది, గొంతు తనది కాదనిపించింది. "స్పష్టంగా కనిపించడానికమ్మా" అంది టెక్నీషియన్, ఆ అమ్మా అనడంలోనే తెలిసిపోయింది. ఇందాక లేదు ఆ అమ్మా. ఏదో కనిపించింది వాళ్ళకి. కనిపించిందాన్నే స్పష్టంగా చూస్తారు, లేనిదాన్ని ఎవరు చూస్తారు. మళ్ళీ గొట్టం. మందు చేతిలోంచి భుజంలోకి చల్లగా పాకింది, నోట్లో ఇనుము రుచి. ఎడమచెయ్యి బుడగ చుట్టూ బిగుసుకుంటోంది, నొక్కితే చాలు, బయట గాలి ఉంది, కిటికీ ఉంది, బెంచీ మీద అత్తగారు ఉంది. నొక్కితే మొదట్నుంచీ. మొదట్నుంచీ అంటే ఈ భయం కూడా మొదట్నుంచీ. రెండో ఇల్లు ఇంకా చూడలేదు కదా, అనుకుంది, చూడకుండా ఎలా లేస్తావు.

రెండో ఇంట్లో మనుషులు ఎక్కువ. నడుమ ఆరు అయిదు నాలుగు, రెండో కుర్చీలో ఎనిమిది, ఎనిమిదో కుర్చీలో రెండు, దాని ముందు మూడైనా ఏడైనా. బేసివాళ్ళను అటూ ఇటూ కూర్చోబెట్టి చూస్తే మొత్తం ఎనిమిది వరసలు తేలాయి, వాటిలో ఒకటి కనిపించగానే ఊపిరి బిగబట్టింది. తొమ్మిది ఎనిమిది ఏడు ఆరు అయిదు నాలుగు మూడు రెండు ఒకటి. రాకెట్టు వదిలేముందు లెక్కపెట్టినట్టు, పిల్లలు దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని వెనక్కి లెక్కపెట్టినట్టు. రెండుతో, మూడుతో, నాలుగుతో, అయిదుతో, ఆరుతో, ఎనిమిదితో, తొమ్మిదితో, అన్నిటితోనూ పోతోంది, ఎవరూ అడక్కుండానే అన్ని గుమ్మాలూ దాటుకుంటూ వచ్చేసింది ఆ మెట్ల వరస. ఏడు దగ్గర అయిదు మిగిలింది. రెండుసార్లు చేసింది. అయిదే.

ఆ రెండోసారి చేస్తుండగా జరిగింది. అరవై అయిదు అనుకుంది, ఆ మాట నోట్లో గులకరాయిలా ఉండిపోయింది. అరవై అంటే ఏంటి. కుర్చీల్లో ఎవరో కూర్చున్నారు, నల్లటి వంకీలు, కొక్కేలు, ముఖాలు లేవు. టేపు మీద చూసినవే. మోత ఒక్కటే ఉంది, దానికి వరస లేదు, ఎన్నిసార్లు కొట్టిందో లెక్క లేదు, లెక్క అన్నదే లేదు. ఇలాగే ఉండిపోతుందా. కూతురి పుట్టినరోజు ఎప్పుడో, ఇంటి గుమ్మానికి మెట్లెన్నో, బిడ్డలెంతమందో అడిగితే ఇలాగే చూస్తుందా మనుషుల వంక. ఏడుపు వచ్చింది, ఏడిస్తే తల కదులుతుంది, కాబట్టి కన్నీళ్ళను మాత్రం పోనిచ్చింది, అవి పక్కలకు జారి చెవుల్లోకి దిగాయి, వెచ్చగా. ఆ చీకట్లో ఎంతసేపు ఉందో. ఏమీ చేయలేక, చేయడం మానేసి, ఉన్నచోట ఉండిపోయింది, అప్పుడొక ఆలోచన వచ్చింది, ఆలోచన కూడా కాదు, చల్లటి చెయ్యి నుదుటి మీద పెట్టినట్టు. ఆ కుర్చీలు నిజానికి తను వేసినవి కాదు. తను మరిచిపోయినంత మాత్రాన బల్ల లేచిపోదు. జవాబు ఉంటే, ఆ ఉన్నది తన తలలో లేదు, అత్తగారి తలలో లేదు, ఇక్కడెవరూ పుట్టకముందు నుంచీ అది అలాగే కూర్చుని ఉంది, లేకపోతే ఎప్పటికీ లేదు. తను దాన్ని తయారుచేయడం లేదు, దాని దగ్గరికి వెళ్తోంది, అంతే. దారి మరిచిపోతే ఇంకొకరు వెళ్తారు. దానికి తొందరేమీ లేదు. అయిదు, అంది ఎవరో. తనే అంది. నట్టనడుమ అయిదు, ముఖంతో సహా. తర్వాత ఆరూ నాలుగూ దాని భుజాల పక్కకు వచ్చాయి.

ఒక్కో వరసనూ పిలిచింది. 189654327, అయిదు మిగిలింది. 981654327, రెండు మిగిలింది. 789654321, నాలుగు మిగిలింది. 183654729, ఆరు మిగిలింది. ఎవరో ఒకరు బయట నిలబడి ఉంటూనే ఉన్నారు. తర్వాతి వరస చూడ్డానికి ఏమీ లేదు, దారినపోయే నంబరులా, ఎవరిదో పాత బస్సు టిక్కెట్టు మీదిలా ఉంది. మూడు ఎనిమిది ఒకటి, ఆరు అయిదు నాలుగు, ఏడు రెండు తొమ్మిది. ఏడు గుమ్మం. ముప్పై ఎనిమిదిలో అయిదుసార్లు, మూడు మిగిలింది. ముప్పై ఒకటిలో నాలుగుసార్లు, మళ్ళీ మూడే. ముప్పై ఆరులో అయిదుసార్లు, ఒకటి. పదిహేనులో రెండుసార్లు, ఒకటి. పద్నాలుగు. పద్నాలుగులో రెండుసార్లు, సున్నా. ఇంకా ఏడోవాడు రానే లేదు, ఆరుగురు కూర్చున్నదే ఏడుతో పోయింది. ఇక వచ్చేవాడు ఏం చెడగొడతాడో అని కింద దించితే, వచ్చినవాడు ఏడు. తన భాగం తనే పట్టుకుని వచ్చాడు. ఒకసారి. సున్నా.

ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా ఆపేసింది. మిగిలిన రెండు వరసలూ చూసింది, వాటిలో రెండూ ఆరూ మిగిలాయి, అంటే ఇంకోటి లేదు. ఇదొక్కటే. తొమ్మిది అంకెలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో, తొమ్మిదీ ఎనిమిదీ డెబ్బై రెండు, ఇంటూ ఏడు, ఇంటూ ఆరు, అలా ఒకటి దాకా గుణించుకుంటూ పోయింది, మోత ఆగడం మొదలవడం ఆమెకు పట్టలేదు, మూడు లక్షల అరవై రెండు వేల ఎనిమిది వందల ఎనభై. అంత జనం. అంత జనంలో అందరికీ సరిగ్గా పంచగలిగినవాడు ఒక్కడు. ఇద్దరున్నా ఇంత వింతగా ఉండేది కాదు, అసలు లేకపోయినా ఉండేది కాదు. ఎవరు ఉంచారు ఆ ఒక్కడిని. ఎవరూ ఉంచలేదు, అదే కదా, ఎవరూ ఉంచకుండానే ఉన్నాడు, ఫోను మీద దువ్వినట్టొచ్చే అందగాడు కాదు, మెట్లు దిగినట్టొచ్చే దొర కాదు, ఈ చిందరవందర మనిషి. రాళ్ళు లేనప్పుడు కూడా, నీళ్ళు లేనప్పుడు కూడా, చూసే కళ్ళంటూ ఎక్కడా లేనప్పుడు కూడా ముప్పై ఎనిమిది కోట్ల పదహారు లక్షల యాభై నాలుగు వేల ఏడు వందల ఇరవై తొమ్మిది ఇలాగే, ఏమీ మిగల్చకుండా. ఆ గొట్టం ఇరుకుగా ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది. ముక్కు ముందు జానెడు చోటే ఉంది, కానీ ఆమె ఉన్నచోటికి గోడలు లేవు.

అయిపోయిందమ్మా, అంది గొంతు. బల్ల బయటికి వచ్చింది. దీపాల వెలుగు కళ్ళలో గుచ్చుకుంది.

ఆ ఫోటోల్లో ఏముందో అప్పటికి ఆమెకు తెలియదు. కాసేపట్లో డాక్టరు తెరమీద చూపించి చెబుతాడు, మెదడు లోపల కాదు, పైపొరకు అంటుకుని ఎడమవైపు గోళీకాయంత గడ్డ, నెమ్మదిగా పెరిగే రకం, తీసేస్తే పోయే రకం అని. వచ్చే నెలలో తీసేస్తారు. కత్తెర మళ్ళీ చేతికి వస్తుంది, చిటికెన వేలు మాత్రం ఎప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఇప్పుడు ఆమె ఆసుపత్రి గౌనులో, చెవుల్లో తడి ఆరకుండా, గోడ పట్టుకుని నడవాలోకి వచ్చింది. బెంచీ మీద అత్తగారు హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. కోడలిని చూసి లేవబోయింది.

"దొరికింది అత్తయ్యా."

"ఏంటి?"

"మీ లెక్క." పక్కన కూర్చుని అంకెలు ఒక్కొక్కటే చెప్పింది.

అత్తగారు ఒళ్ళోని హ్యాండుబ్యాగు తీసి పక్కన పెట్టింది. తర్వాత, చాలా నెమ్మదిగా, "ఉందా అయితే" అంది.

"మీకు తెలీదా?"

"నాకెక్కడ దొరికింది. పక్క ఊరి ఎక్స్ఛేంజిలో ఒకావిడ ఉండేది, ముఖం ఎప్పుడూ చూళ్ళేదు. లైన్లు ఖాళీగా ఉంటే మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడే ఇచ్చింది ఈ లెక్క, రేపు జవాబు చెప్తానంది. ఆ రేపటికి బోర్డు మార్చేశారు, ఆటోమేటిక్ వచ్చింది, మా ఇద్దరి లైనూ పోయింది. ఉందో లేదో, నన్ను ఆటపట్టించిందో, ఇన్నేళ్ళూ తెలీలేదు. గిన్నెలు తోముతూ చేసేదాన్ని. ఎప్పుడూ ఏడు దగ్గరే పోయేది."

"తెగని లెక్క నాకెందుకిచ్చారు అత్తయ్యా?"

"తెగకపోతేనే కదా, లోపలున్నంతసేపూ సరిపోయేది" అంది ఆవిడ. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వితే మందు ఎక్కించిన చెయ్యి సలిపింది. అత్తగారు నవ్వలేదు. కళ్ళు మూసుకుంది, ఒక చెయ్యి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్ళింది, అక్కడ ఏ తీగా లేకపోయినా. "మళ్ళీ చెప్పు. మెల్లగా. నేను చూసుకోవాలి."

మళ్ళీ చెప్పింది. ముప్పై ఎనిమిది, అంది అత్తగారు, ఇద్దరికీ సరిపోయింది. మూడూ ఎనిమిదీ ఒకటీ పన్నెండు, మూడుతో పోయింది. చివర పదహారు, నాలుగుతో పోయింది. అయిదు ఉండనే ఉంది. ఆరుకి కూడి చూసుకుంది, ఇరవై ఏడు, చివరున్న నాలుగు సరిసంఖ్యే, పోయింది. అప్పుడు ఎదురుగా తలుపు తెరుచుకుని, ఫైలు పట్టుకుని నర్సు వచ్చింది. డాక్టరుగారు లోపలికి రమ్మంటున్నారు, రండి, అంది. ఆమె లేవబోయింది. అత్తగారి చెయ్యి ఆమె మణికట్టు మీద పడి కూర్చోబెట్టింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అంది ఆవిడ నర్సుతో, కళ్ళు తెరవకుండానే. "ఏడు దగ్గరున్నాం."

నర్సు ఏమనుకుందో, ఫైలు గుండెకు ఆనించుకుని నిలబడిపోయింది. అత్తగారి పెదవులు కదులుతున్నాయి, ఆమె ఆ పెదవులనే చూస్తోంది. ముప్పై ఎనిమిది, ముప్పై ఒకటి, ముప్పై ఆరు. పదిహేను దగ్గర కాస్త ఆగాయి. పద్నాలుగు, అన్నాయి. మణికట్టు మీద చెయ్యి బిగుసుకుంది. ఏడు, అన్నాయి. ఆ తర్వాత కదల్లేదు.

"ఏమీ మిగల్లేదే, అమ్మాయ్" అంది అత్తగారు.